చేతిలో పట్టే కంప్యూటర్

టీఐ-83 గ్రాఫింగ్ కాల్క్యులేటర్‌లో ప్రోగ్రాం రాయాలంటే వేళ్లకు ఓపిక ఉండాలి. ‘ఇఫ్’, ‘గోటూ’ లాంటి ఆదేశాలను అక్షరమక్షరం కొడితే ఒప్పుకోదు, మెనూలో వెతికి ఏరుకోవాలి. తెర 96 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు. వరుసకు 16 అక్షరాలు, ఎనిమిదే వరుసలు. చలరాశులకు పేర్లు పెట్టే భాగ్యమూ లేదు: ఏ నుంచి జెడ్ దాకా ఒక్కో అక్షరం, ఆపైన ఒక తీటా. ప్రోగ్రాం కాస్త పెరిగేసరికి ‘కే’ని దేనికి వాడానో నాకే గుర్తుండేది కాదు.

డాలస్ బడిలో నా మొదటి ప్రోగ్రాం, అందరిలాగే, వర్గ సమీకరణానికి మూలాలు కట్టేది. విచక్షణి రుణాత్మకమైతే ఏం చేయాలో యంత్రానికి ముందే చెప్పాలి, లేదంటే ఎర్రర్ చూపి ఆగిపోతుంది. అలా చెప్పడానికి కూర్చున్నాకే విచక్షణి ఎందుకుందో నాకు బుర్రకెక్కింది. పరీక్షకు ముందు కొందరు టీచర్లు మెమరీ చెరిపించేవారు. రాసినవాడికి ఆ ప్రోగ్రాంతో అప్పటికే పని తీరిపోయి ఉండేది. కేబుల్ తగిలించి కాపీ చేసుకున్నవాడే లబోదిబోమనేవాడు.

వేసవిలో విజయవాడ వెళ్తే, లాగ్ టేబుల్స్‌తో ఇంటర్ లెక్కలు చేసే మా బావ ఆ కాల్క్యులేటర్‌ని తిప్పితిప్పి చూశాడు. “పరీక్షలోకి ఇది రానిస్తారా?” అన్నాడు నమ్మలేక. సాయంత్రానికి నా ప్రోగ్రాం చదివేసి, “ఇన్ని గోటూలెందుకురా, ఒక్క ‘వైల్’ పెడితే పోయేదానికి?” అని తీసిపారేశాడు.