శుభం పడకముందే

కొందరు ఇళ్ళల్లో పాలపద్దు రాసుకుంటారు. కొందరు చాకలిపద్దు రాసుకుంటారు. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఎవరింటి పెళ్ళికి మనం ఏం చదివించిందీ, వాళ్ళు మనకి తిరిగి ఏం చదివించిందీ పైసల్తో సహా రాసి పెట్టుకున్నారు. నేను సినిమా పద్దు రాస్తాను. ఇందులో నవ్వడానికేముందో నాకు తెలీదు గానీ, ఈ మాట చెప్పగానే అందరూ నవ్వుతారు. మా వారైతే పెళ్ళయిన కొత్తలో నా పెట్టె అడుగున ఆ పుస్తకం చూసి, "ఇదేమిటి, మీ నాన్నగారు స్కూలు రిజిస్టరు కూడా సారెలో పెట్టి పంపించారా?" అన్నారు.

ఆయన అన్నదాంట్లో అబద్ధమేం లేదు. అది నిజంగా హాజరుపట్టీయే. మా నాన్నగారు రోలుగుంటలో మేష్టరు. 1992లో, నాకు పన్నెండేళ్ళప్పుడు, ఒక మూల చెదలు కొట్టేసి పనికిరాకుండా పోయిన పట్టీ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. "సినిమాలు సినిమాలని ఎగురుతున్నావు కదా, ఒక్కొక్కటీ ఇందులో రాయి. ఎంత తగలేస్తున్నావో నీకే తెలిసొస్తుంది" అన్నారు. లెక్క రాస్తే ఖర్చు తగ్గుతుందని ఆయన ఆశ. ఖర్చు తగ్గలేదు సరికదా, పుస్తకంలో గళ్ళు ఖాళీగా కనబడితే నాకు దిగులు పట్టుకునేది.

గళ్ళు నేనే గీసుకున్నాను. తేదీ, సినిమా, ఊరు, క్లాసు (నేల, బెంచీ, కుర్చీ), టిక్కెట్టు డబ్బులు, ఎవరితో వెళ్ళానో, హాల్లోంచి ఎన్నింటికి బయటపడ్డామో, బస్సు ఎన్నింటికి కదిలిందో. ఆఖరి గడి మాత్రం మా నాన్నగారి పద్ధతే. సినిమా చివరిదాకా చూస్తే 'హా', మధ్యలో లేచి వచ్చేస్తే 'గై'. హాజరు, గైర్హాజరు అన్నమాట. ఆ 'గై'ల సంగతి చెప్పాలనే ఇదంతా మొదలెట్టాను.

మా రోలుగుంట చోడవరం తాలూకాలోది. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లా అని రాసుకునేవాళ్ళం, ఇప్పుడు అనకాపల్లి జిల్లా అని రాసుకుంటున్నాం. భీమిలి నుంచి నర్సీపట్నం పోయే బి.ఎన్. రోడ్డు మీద ఉంటుంది. సినిమా చూడాలంటే ఇటు నర్సీపట్నమైనా పోవాలి, అటు చోడవరమైనా పోవాలి. నర్సీపట్నం దగ్గర. మ్యాట్నీకి వెళదామంటే సాయంత్రం గేదెల్ని పితికేవాళ్ళు లేరు. సెకండ్ షో ఆడవాళ్ళు చూసేది కాదు. ఇక మిగిలింది ఆరింటి ఫస్ట్ షో. అది చూసి, చోడవరం పోయే ఆఖరి బస్సు పట్టుకుంటే మా ఊళ్ళో దిగిపోవచ్చు.

అదిగో, ఆ ఆఖరి బస్సు! నా చిన్నతనంలో దానంత విలన్ని ఏ సినిమాలోనూ చూడలేదు. తెరమీద కథ పాకాన పడుతుంది. హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటుంది. అప్పుడు పక్కన అమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకునేది. అమ్మ కుచ్చిళ్ళు సర్దుకుందంటే మా గుండెల్లో రాయి పడేది. "లెగండర్రా, బస్సు" అనేది. అంతే. నేనూ, చెల్లీ, తమ్ముడూ వెనక్కి తిరిగి తెర చూస్తూ, చీకట్లో ఎవరి కాళ్ళో తొక్కి తిట్లు తింటూ బయటికొచ్చేవాళ్ళం. తలుపు మూసుకున్నాక కూడా లోపల్నించి మాటలు వినిపించేవి. ఆ మాటలు వింటూ బస్టాండుకి నడవడమంత శిక్ష ఇంకోటుంటుందా, మీరే చెప్పండి!

ఐతే మా అమ్మ మమ్మల్ని ఉత్త చేతుల్తో ఇంటికి తీసుకెళ్ళేది కాదు. బస్టాండులో కూచోబెట్టి, వేరుశనక్కాయల పొట్లం విప్పి, మిగిలిన కథ తనే చెప్పేది. తనూ చూడలేదు కదా, ఎలా చెబుతోందని మాకెప్పుడూ అనుమానం రాలేదు. పెద్దవాళ్ళకి అన్నీ తెలుస్తాయనుకునేవాళ్ళం.

ఆవిడ చెప్పిన ముగింపులు ఎలాంటివనుకున్నారు! 'శంకరాభరణం' మళ్ళీ వేస్తే వెళ్ళాం. కచేరీ మొదలవగానే లేచొచ్చేశాం. "తర్వాతేమైందే?" అంటే, "ఏటవుతుంది, కచేరీ బాగా జరిగింది. శాస్త్రిగారు ఇంటికొచ్చి మజ్జిగ తాగి పడుకున్నారు" అంది. 'సాగర సంగమం'లో బాలూ తాగుడు మానేసి పిల్లలకి డాన్సు స్కూలు పెట్టుకున్నాడు. 'మాతృదేవోభవ' (ఇది 1993, పట్టీలో తేదీతో సహా ఉంది) చూస్తూ హాలు హాలంతా గొల్లున ఏడుస్తుంటే లేపుకొచ్చేసింది. ఆ తల్లికి జబ్బేమీ లేదుట, ఆస్పత్రివాళ్ళ కాగితాలు తారుమారయ్యాయిట, ఇచ్చేసిన పిల్లలందర్నీ ఎడ్లబండి కట్టించుకుని వెళ్ళి తెచ్చేసుకుందిట! ఎడ్లబండి ఎందుకంటారా? అప్పుడు మా వైపు చెరకు రోజులు. ఏ కథైనా చెరకు బళ్ళ మధ్యనించే నడిచేది.

1995లో 'పెదరాయుడు' చూసేనాటికి నాకు పదిహేనేళ్ళు. మర్నాడు స్కూల్లో ఒకమ్మాయి పెదరాయుడు ఆఖర్న చచ్చిపోయాడంది. నేను చావలేదన్నాను. జడలు పట్టుకునేదాకా వచ్చింది. ఇంటికొచ్చి అడిగితే అమ్మ పొయ్యి దగ్గర్నించి తలెత్తకుండా, "ఆ గుంట నిద్దరోయుంటుంది" అంది. నేను నమ్మాను. పదిహేనేళ్ళదాన్ని, నమ్మాను!

అన్నిటికన్నా పెద్ద దెబ్బ 'మరో చరిత్ర'తో తగిలింది. బాలచందర్ తీసిన ఆ సినిమా 1978లో వచ్చింది. అప్పటికి నేను పుట్టలేదు. తలకి నూనె రాస్తూ, విశాఖపట్నం రేడియోలో ఆ పాటలొచ్చినప్పుడల్లా అమ్మ కథ చెప్పేది. అతను తమిళ అబ్బాయి, ఆవిడ తెలుగమ్మాయి, విశాఖ, భీమిలి సముద్రం, ఏడాదిపాటు ఒకర్నొకరు చూసుకోకూడదని పెద్దవాళ్ళ షరతు. ఏడాది గడిచింది, పెళ్ళయింది, వాళ్ళిప్పుడు విశాఖలోనే కాపరం ఉన్నారు. ఇదీ మా అమ్మ 'మరో చరిత్ర'. నేను బి.ఏ. చదవడానికి విశాఖ వెళ్ళి, హాస్టల్లో ఒక రాత్రి ఈ కథ ఉత్సాహంగా చెబితే, గదిలో అమ్మాయిలంతా ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. తర్వాత పడీ పడీ నవ్వారు. ఆ సినిమా సంగతి తెలిసిన తెలుగువాళ్ళలో బాలూ, స్వప్నా బతికున్నారనుకున్నది నేనొక్కదాన్నేట! ఆ ఆదివారం సముద్రపొడ్డుకి షికారెళితే అలల వంక చూడబుద్ధి కాలేదు. పాపం అమ్మ కూడా బస్సు కోసం లేచొచ్చేసి ఉంటుంది, అందుకే తెలీదు అనుకున్నాను. చెప్పి ఆవిడ మనసు కష్టపెట్టడమెందుకని ఊరుకున్నాను.

తర్వాత్తర్వాత నేను నవలలు రాయడం మొదలుపెట్టాను. నా సీరియల్స్ చదివేవాళ్ళ ఉత్తరాల్లో ఒక ఫిర్యాదు తరచుగా ఉంటుంది. "మీ కథల్లో ఎవరూ చావరేమండీ?" అని. ఒక ఎడిటరుగారు ఫోన్ చేసి, కరుణరసం కోసం ఒక పాత్రనైనా పంపించెయ్యమని బతిమాలారు కూడాను. సరేనని కూచుంటాను. మంచం మీద పడుకోబెడతాను. డాక్టర్ని పిలిపిస్తాను. తీరా ఆ వారం వచ్చేసరికి ఆ మనిషి లేచి కూచుని కాఫీ అడుగుతుంది. నేనేం చెయ్యను!

పద్దు మాత్రం మానలేదు. ఇప్పటికి ఆ పట్టీ నిండి, ఇంకో మూడు పుస్తకాలు కూడా నిండాయి. మొత్తం వెయ్యీ మూడొందల పన్నెండు సినిమాలు. హాళ్ళు పోయి, శనివారం సాయంత్రం దూరదర్శన్ వచ్చి (అక్కడ కూడా 'గై'లే, కరెంటు వాళ్ళ పుణ్యమా అని), కేబులు వచ్చి, ఇప్పుడు ఫోన్లోకి వచ్చి పడింది. క్లాసు గడిలో ఏం రాయాలో తెలీక 'మంచం' అని రాస్తున్నాను. విచిత్రమేమిటంటే ఈ అయిదారేళ్ళ పేజీల నిండా 'గై'లే. లేచి రమ్మనే అమ్మ లేదు, బస్సు లేదు, గేదెలు అసలే లేవు. అయినా సగంలో నొక్కి ఇంకోదానికి పోతున్నాను. ఆ రోజుల్లో తలుపు సందులోంచి ఒక్క ముక్క వినబడితే చాలనుకున్న మనిషిని నేనే!

మొన్న సంక్రాంతికి రోలుగుంట వెళ్ళినప్పుడు మొదటి పట్టీ వెంట తీసుకెళ్ళాను. నాన్నగారు పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. కళ్ళకి ఆపరేషనై ఇప్పుడు బాగా కనబడుతోంది కదా, మాకు బాకీ పడ్డ ముగింపులన్నీ ఫోన్లో పెట్టి, పక్కన కూచుని చూపించేద్దామని నా ఉద్దేశం. భోగి మర్నాడు మధ్యాహ్నం వసారాలో కూచుని 'గై'లన్నీ ఒక కాగితం మీదకి ఎక్కిస్తున్నాను. ముప్ఫై నాలుగు తేలాయి.

అలా ఎక్కిస్తుంటే ఒక చోట చెయ్యి ఆగిపోయింది. 'మాతృదేవోభవ'. బయటికొచ్చిన టైము ఎనిమిదీ పది. బస్సు కదిలిన టైము తొమ్మిదీ పది.

గంట! హాలు నించి బస్టాండుకి అయిదు నిమిషాల నడక.

కిందది చూశాను. 'పెదరాయుడు'. ఎనిమిదిన్నర, తొమ్మిదీ పది. ఇక లెక్కపెట్టి చూశాను. 'ఘరానా మొగుడు', 'మాయలోడు', 'యమలీల' అన్నీ 'హా'లే. వాటికి తొమ్మిదింటికి బయటపడి, పరిగెత్తి, అదే తొమ్మిదీ పది బస్సు ఎక్కాం. బస్సు ఏనాడూ మారలేదు. నా చేత్తో నేనే, గుండ్రటి అక్షరాల్తో, గడియారం చూసి మరీ రాసుకున్న లెక్క. ముప్ఫై ఏళ్ళకి పైగా దగ్గర పెట్టుకుని, ఒక్కసారంటే ఒక్కసారి తీసివేత చెయ్యలేదు. మేష్టరిగారి కూతుర్ని!

అమ్మ పక్కనే చేటలో బియ్యం ఏరుతోంది.

"అమ్మా, మనం 'మాతృదేవోభవ' మధ్యలో ఎందుకు లేచొచ్చేశామే?"

"బస్సుకి."

"బస్సు ఇంకా గంటుంది."

అమ్మ ఓ రాయి ఏరి అవతల పారేసింది. "సీటు దొరకొద్దా? మీ ముగ్గుర్నీ వేసుకుని నిలబడి రాగలనేటి?"

"మరి 'యమలీల'కి?"

మాట్లాడలేదు. నేను పట్టీ చూపించాను. కళ్ళజోడు పైకి జరుపుకుని గళ్ళన్నీ శ్రద్ధగా చూసింది. నవ్వొచ్చినట్టుంది. "మీ నాన్న పోలికే" అంది. కాసేపాగి, "నూకరత్నం పిన్ని నీకు గుర్తుందా?" అంది.

ఎందుకు గుర్తులేదు! మా ఎదురింటావిడ. సినిమా వచ్చిన మొదటివారంలోనే చూసేసి వచ్చేది.

"నూతి దగ్గర దాన్ని అడిగీదాన్ని. ఆఖర్న ఎవరైనా పోతారా అని. పోతారంటే ఎక్కడ పోతారో కనుక్కునీదాన్ని. అక్కడికి ముందు లేపీసీదాన్ని."

"మరి 'మరో చరిత్ర'?"

"అది విశాఖలో చూసేం, మీ నాన్నా నేనూను. అప్పుడు బస్సేటి, మా పెదనాన్నగారింట్లో దిగేం కదా. పూర్తిగానే చూసేను."

"చూసి, నాకు పెళ్ళైపోయిందని చెప్పేవా?"

అమ్మ చేట చెరిగి పక్కన పెట్టింది. "ఆ మరుసటేడు కదే వాడు పోనాడు" అంది.

వాడంటే నాకు ముందు పుట్టినవాడు. మూడు నెలలే ఉన్నాడు. మా ఇంట్లో వాడి మాట ఎవరూ ఎత్తరు. వాడికి పేరు పెట్టారో లేదో కూడా నాకు ఆ రోజుదాకా తెలీదు. పెట్టారట. అమ్మ చెప్పింది. ఇక్కడ రాయను.

"ఇంట్లో ఒకటి చూసేం. మళ్ళీ డబ్బులిచ్చి చూడ్డం దేనికి?" అంది. అని, బియ్యం తీసుకుని లోపలికెళ్ళి ఎసట్లో పోసి వచ్చింది.

నేను ముప్ఫై నాలుగు పేర్ల కాగితం మడిచి పట్టీలో పెట్టేశాను.

రాత్రి భోజనాలయ్యాక అమ్మే అడిగింది, "ఏదో చూపిస్తానన్నావు కదే" అని. ఏది పెట్టమంటావంటే 'మాయాబజార్' అంది. 2010లో రంగులద్దింది వచ్చింది కదా, అది పెట్టబోతే వద్దంది. "శశిరేఖ చీర ఏం రంగో నాకు తెలుసు, ఆళ్ళు చెప్పక్కర్లేదు" అంది. 1957 నాటి నలుపు తెలుపుదే పెట్టాను. వసారాలో నులకమంచం మీద ఇద్దరం ఒకే దుప్పట్లో కూచున్నాం. ఎస్వీ రంగారావు వచ్చేదాకా అమ్మ నాకన్నా ముందు మాటలన్నీ తనే అనేసింది. ఆ తర్వాత నా భుజం మీదకి ఒరిగి నిద్రపోయింది. నేను కదలకుండా, చెయ్యి తిమ్మిరెక్కుతున్నా, చివరిదాకా చూశాను.

ఫోను ఆపేసిన చప్పుడికి కళ్ళు తెరిచింది.

"పెళ్ళైపోయిందేటి?"

"అయిపోయిందే. పడుకో."

పట్టీలో తేదీ రాశాను. ఊరు రోలుగుంట. క్లాసు, నులకమంచం. టిక్కెట్టు లేదు. ఎవరితో అన్న గడిలో అమ్మతో అని రాశాను. ఆఖరి గడిలో నాకు 'హా' వేసుకున్నాను. అమ్మకేం వెయ్యాలో తేలక, దీపం తీసేశాను.