మా అయ్య ఫొటో

మా అయ్యకి ఫొటో లేదు. 1997లో ఆయన పోయినప్పుడు పెద్దకార్యం రోజున దండ వెయ్యడానికి ఫొటో కావాలన్నారు. ఇల్లంతా వెతికాం. రేకుపెట్టెలో నా స్కాలర్‌షిప్ ఫారాలకి తీయించిన పాస్‌పోర్టు ఫొటోలు మూడు దొరికాయి. అయ్యది ఒక్కటీ లేదు. చివరికి ఆయన డప్పుని గోడకి ఆనించి దానికే దండ వేశాం.

నలభై ఏళ్ళపాటు ఊళ్ళో ప్రతి పెళ్ళిలోనూ ఫొటో తీసేవాడికి నాలుగడుగుల దూరంలో నడిచిన మనిషి ఆయన. పల్లకీ ముందు అయ్య, కారు ముందు అయ్య, శవం ముందూ అయ్యే. కాని ఫొటో తీసే వేళకి "డప్పులోళ్ళు పక్కకి జరగండెహె" అని కేక వచ్చేది. అలవాటైపోయి, ఆ కేక రాకముందే జరిగిపోయేవాడు.

మాది నర్సీపట్నానికి ఆరు కిలోమీటర్ల దూరంలో చిన్న ఊరు. అప్పట్లో విశాఖ జిల్లా. 2022 నుంచి అనకాపల్లి జిల్లా. జిల్లా మారింది గాని మా పేట ఊరికి ఏ పక్కనుందో ఆ పక్కనే ఉంది. పేట నుంచి రోడ్డెక్కాలంటే పెద్దవీధి దాటాలి. వేరే దారి లేదు.

నేను ఎనిమిదో తరగతికి నర్సీపట్నం హైస్కూల్లో చేరాక ఏడాది నడిచాను. తర్వాత అయ్య పాత సైకిలొకటి కొన్నాడు. సంక్రాంతి డప్పు డబ్బులూ, అమ్మ చెరుకు నరికిన కూలీ కలిపితే వచ్చిన సైకిలది. సీటు మీద కూర్చుంటే నాకు కాళ్ళందేవి కావు. బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కేవాణ్ణి. కొన్న రోజునే అయ్య చెప్పాడు: "పెద్దవీధి కాడ దిగిపో బాబూ. నడిపించుకుని ఎల్లి, అటేపు ఎక్కు. రొండొందల గజాలకి నీ కాళ్ళేటీ అరిగిపోవు."

అలాగే దిగి నడిచాను. చెప్పులు కూడా విప్పి హ్యాండిల్‌కి తగిలించేవాణ్ణి. రెండేళ్ళలో ఎన్నిసార్లు దిగానో, ఎన్నిసార్లు ఎక్కానో లెక్క లేదు. ఎవరూ నన్ను కొట్టి దింపలేదు. ఆ వీధి మొదట్లోకి వచ్చేసరికి కాలు దానంతటదే నేలని వెతుక్కునేది. ఇప్పుడాలోచిస్తే అదే అన్నిటికంటే భయంగా ఉంటుంది.

1982లో పదో తరగతి పరీక్షలు. లెక్కల పరీక్షనాడు ఆలస్యమైంది. దిగలేదు. తల వంచుకుని తొక్కుకుంటూ పోయాను. వెనకాల ఎవరో అరిచారు. ఆగలేదు. పరీక్ష బాగా రాశాను. సాయంత్రం వస్తుంటే మాత్రం వీధి మొదట్లోనే సైకిలు లాక్కున్నారు. రెండు చక్రాలూ కత్తితో కోసేశారు. రాత్రి అయ్యని పిలిపించి "నీ కొడుక్కి కాళ్ళు పడిపోనాయేట్రా?" అని అడిగారు. అయ్య చేతులు కట్టుకుని "తప్పయిపోనాది బాబూ" అన్నాడు. నేను వెనక నిలబడి విన్నాను. ఆ మాటకి అయ్య మీద నాకొచ్చిన కోపం చాలా ఏళ్ళు పోలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన ఆ సైకిల్ని భుజానికెత్తుకున్నాడు. గాలి లేని చక్రాల మీద తోస్తే రిమ్ము వంగిపోతుందట. రోజూ డప్పు వేలాడే భుజం మీద సైకిలు పెట్టుకుని పెద్దవీధి మధ్యలోంచి నడిచాడు. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. అయ్యా నవ్వి, "మనం దాన్నెక్కకూడదు గాని, అది మనమీదెక్కితే పరవాలేదు గదా" అని నాకు మాత్రమే వినబడేలా అన్నాడు. నర్సీపట్నంలో పాత టైర్లు వేయించి నన్ను పరీక్షకి పంపి, తాను నడిచి వెనక్కొచ్చాడు.

షెడ్యూల్డు కులాల, తెగల మీద అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. కారంచేడులో 1985లో ఆరుగుర్ని చంపిన తర్వాత వచ్చిన చట్టమది. దాన్ని 2015లో సవరించి, 2016 జనవరి 26 నుంచి అమల్లో పెట్టారు. ఆ సవరణలో దళితులు బహిరంగ స్థలాల్లో సైకిలు గాని మోటారు సైకిలు గాని ఎక్కకుండా, చెప్పులూ కొత్తబట్టలూ వేసుకోకుండా అడ్డుకోవడం నేరమని పేరుపెట్టి రాశారు. అది చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. నా ఒక్కడి కథ అనుకున్నది పార్లమెంటు చట్టంలో రాయాల్సినంత కథన్నమాట.

ఇక నా తప్పు గురించి చెప్పాలి. స్కూల్లో "మీ నాన్న ఏం చేస్తాడ్రా" అంటే "కూలి" అని చెప్పేవాణ్ణి. డప్పు మాట ఎత్తేవాణ్ణి కాదు. తొమ్మిదో తరగతిలో ఉండగా మా ఊరి పెద్దవీధిలో పెళ్ళికి నా క్లాసువాడొకడు చుట్టంగా వచ్చాడు. వాడు అయ్య పక్కన నన్ను చూస్తాడేమోనని గడ్డిమేటు చాటున దాక్కున్నాను. "పక్కకి జరగండెహె" అన్న కేక వినబడినప్పుడు, చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు హాయి అనిపించింది. అయ్య నన్ను చూశాడు. చచ్చిపోయేదాకా ఆ మాట ఎత్తలేదు.

ఆయన విద్య మామూలుది కాదు. వేపచెక్క చట్రానికి చింతగింజల జిగురుతో తోలు అంటించేవాడు. కొట్టే ముందు ఎండుగడ్డి మంట వేసి కాచి, వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. చాలకపోతే మళ్ళీ కాచేవాడు. పెళ్ళికో దరువు, జాతరకో దరువు, చావుకో దరువు, చాటింపుకో దరువు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఎప్పుడు మారాడో తెలిసేది కాదు. హార్మోనియం మెట్లు సవరించుకునేవాణ్ణి ఊళ్ళో మేస్టారూ అన్నారు. తోలు కాచి శ్రుతి చేసుకునేవాణ్ణి ఒరే అన్నారు. దాన్ని సంగీతమని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలయ్యాక డప్పు సభల్లోకొచ్చింది. చదువుకున్న కుర్రాళ్ళు గర్వంగా భుజానికేసుకున్నారు. ఒక మీటింగుకి రమ్మని అయ్యని అడిగాను. "ఆడ ఫొటోలు తీసేవోళ్ళుంటే జరగమనరా?" అన్నాడు. అనరన్నాను. వస్తానన్నాడు గాని దగ్గుతో మంచం పట్టాడు. రాలేదు. ఆ మీటింగులో నన్ను వాయించమన్నారు. నాకు రాదు. నేర్చుకోలేదు. ఆయన చేతిలో ఉన్న దరువులన్నీ ఆయనతోనే పోయాయి.

మా తమ్ముడు ఆటో నడుపుతాడు, నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు. అది మన్యం జనం చేత చాలీచాలని కూలికి, బలవంతపు చాకిరీతో వేయించిన ఘాట్ రోడ్డు. 1922లో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకి ఆ రోడ్డు చాకిరీ ఒక కారణం. ఇప్పుడు ఆ రోడ్డు మీద స్టీరింగు మావాడి చేతిలో ఉంది. అంబేడ్కర్ తన అనుభవాలు రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో బండి సంగతులు రెండున్నాయి. 1901లో చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు, రెట్టింపు బాడుగ ఇస్తామన్నా బండివాడు అంటరాని పిల్లల పక్కన కూర్చోనన్నాడు. పిల్లలే ఎడ్లని తోలుకున్నారు. 1929లో చాలీస్‌గావ్‌లో ఆయన బారిస్టరుగా దిగినప్పుడు కూడా జట్కావాళ్ళు తోలమన్నారు. తోలడం రాని మనవాడే పగ్గాలు పట్టాడు. బండి అదుపు తప్పి ఆయన కాలు విరిగింది.

ఇది మా తమ్ముడికి చదివి వినిపించాను. మర్నాడు ఆటో అద్దానికి అంబేడ్కర్ ఫొటో అంటించాడు. ఆ సాయంత్రం బండెక్కబోయినవాళ్ళు ఇద్దరు ఫొటో చూసి దిగిపోయారట. "మిగతావోళ్ళో?" అన్నాను. "కూకున్నారు. చీకటి పడిపోనాది, ఇంకో బండి లేదు" అని నవ్వాడు. అచ్చం అయ్య నవ్వే.

అయ్య పోయిన కొన్నేళ్ళకి, ఆ గడ్డిమేటు నాటి పెళ్ళివారింటికి వెళ్ళి ఆల్బం చూపించమని అడిగాను. ఆ ఇంటి పెద్దావిడ వింతగా చూసింది గాని ఇచ్చింది. నలుపు తెలుపు ఫొటోలు. అన్నీ తిప్పాను. ఒక దాంట్లో, పెళ్ళికొడుకు కారు దిగుతుంటే, ఎడమ అంచున సగం డప్పు, దాని మీద ఒక చెయ్యి కనిపించాయి. బొటనవేలి పక్కన కొడవలి గాటు ఉంది. అయ్యదే.

నర్సీపట్నంలో స్టూడియోకి తీసుకెళ్ళి పెద్దది చెయ్యమన్నాను. "ఇందులో మనిషి లేడు కదండీ?" అన్నాడు కుర్రాడు. "ఆ చెయ్యి చాలు" అన్నాను. అదే ఇప్పుడు మా గోడ మీద ఉంది. చదువుకునే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నేను చెప్పేదొక్కటే. మనవాళ్ళని ఇతరుల ఫొటోల అంచుల్లో వెతకండి. బతికున్నవాళ్ళని ఈ రోజే మధ్యలో నిలబెట్టి తియ్యండి. వాళ్ళ చేతిలో ఉన్న విద్యని అడిగి నేర్చుకోండి.

మా అమ్మాయి స్కూటీ నడుపుతుంది. పెద్దవీధిలో ఆగదు, హారన్ కొట్టుకుంటూ పోతుంది. నేను వెనకాల కూర్చుంటాను. ఆ వీధి మొదట్లోకి రాగానే ఇప్పటికీ నా కాలు నేలని వెతుకుతుంది. "నాన్నా, కాలు పైకి పెట్టు" అంటుంది తను.