11 వేలలో అమ్మీ ఆవాజ్

కారులో ఏం పెట్టినా అబ్బా చెయ్యి ఊపి ఆపించేవారు. "ఆవాజ్ ఆరీ బేటా, బాత్ సమఝ్ మే నై ఆరీ" అనేవారు. చప్పుడు వినబడుతోంది గానీ మాట అందడం లేదని. నేను వాల్యూమ్ పెంచేవాణ్ణి. తలుపులు గడగడలాడేవి. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చునేవారు.

పదిహేను రోజులకోసారి ఆయన్ని టోలిచౌకి నుంచి దవాఖానాకి తీసుకెళ్ళాలి. ట్రాఫిక్‌లో పోను గంట, రాను గంట. మేమిద్దరం ఒక్కచోట కూర్చునే వక్త్ అదొక్కటే. ఇంట్లో ఆయన గది ఆయనది, నా డ్యూటీ నాది. అందుకే పాత స్విఫ్ట్‌లో సౌండ్ సరిచేయించాలనుకున్నాను. బేగం 11 వేలు చేతిలో పెట్టి, "దీని మీద ఒక్క రూపాయి కూడా ఫిజూల్ ఖర్చీ చేయొద్దు" అంది.

వినిపించాలనుకున్నది పాటలు కాదు. మా ఇంటి ట్రంకులో ఏడు క్యాసెట్లున్నాయి. అబ్బా 1981 నుంచి కువైట్‌లో హౌస్ డ్రైవర్. రాయచోటి నుంచి అలా వెళ్ళినవాళ్ళు మా గల్లీలో ఇంటికొకరుండేవారు. అమ్మీకి చదువు రాదు. ఖత్ రాయించాలంటే ఎవరో ఒకరి ముందు కూర్చుని కడుపులో మాట చెప్పుకోవాలి. అది ఆమెకు ఇష్టం లేదు. పక్కింటివాళ్ళ టేప్‌రికార్డర్ అడిగి తెచ్చి, తలుపేసుకుని, క్యాసెట్‌లో మాట్లాడి, కువైట్ వెళ్ళే వాళ్ళెవరి చేతనైనా పంపేది. మమ్మల్ని కూడా చెరో మాట మాట్లాడించేది. 1990లో ఇరాక్ కువైట్ మీదికొచ్చినప్పుడు అబ్బా సామానంతా అక్కడే వదిలేసి, అమ్మాన్ మీదుగా ఎయిర్ ఇండియా విమానంలో ఇల్లు చేరారు. చేతిసంచిలో రెండు జతల బట్టలు, ఈ క్యాసెట్లు. అమ్మీ ఇంతికాల్ అయి ఆరేళ్ళయింది. ఆ క్యాసెట్ల పేరు ఆయన ఎత్తరు. ట్రంకు తాళం మాత్రం ఎవరికీ ఇవ్వరు. ఎలాగో అడిగి ఒక్కటి తీసుకున్నాను. దాని మీద ఉర్దూ అంకెల్లో 86 అని రాసుంది.

కోఠీ గుజరాతీ గల్లీలో మొదట ఎక్కిన దుకాణంలో నా మాట పూర్తిగా వినకుండానే 12 అంగుళాల సబ్‌వూఫర్, యాంప్లిఫయర్, నాలుగు స్పీకర్లు కలిపి 26 వేలన్నారు. "బేస్ అదిరిపోవాలి సాబ్, కిస్తీల్లో కట్టండి" అన్నారు. డబ్బా మీద 1000 వాట్లని రాసుంది. బయటికొచ్చాను.

అదే గల్లీ చివర, మెట్ల కింద చిన్న కొట్టు. యాభై దాటిన మిస్త్రీ. "ఏం వింటారు సాబ్?" అని అడిగాడు. అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న. "మా అమ్మీ మాట. వినేది మా అబ్బా. 78 ఏళ్ళు" అన్నాను. అతను చేతిలో పని పక్కన పెట్టాడు.

ఆ రోజు అతని దగ్గర నేర్చుకున్నదీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను. వయసు మీదపడితే చెవికి ముందుగా దూరమయ్యేవి సన్నటి, పై స్థాయి ధ్వనులు. స, ష, ఫ, త, క లాంటి హల్లుల ఆనవాలు ఎక్కువగా అక్కడే ఉంటుంది. అచ్చుల బలం కింది స్థాయిలో ఉంటుంది కాబట్టి అవి వినబడుతూనే ఉంటాయి. అందుకే 'సబ్' అన్నా 'కబ్' అన్నా పెద్దవాళ్ళకి ఒకేలా తోస్తుంది. టైర్ల హోరు, ఇంజన్ గురగుర కింది స్థాయి చప్పుళ్ళే. వాటికి తోడు మనం బేస్ కూడా పెంచితే మాట ఇంకా మునిగిపోతుంది. తెలుగు డిగ్రీలో అచ్చులూ హల్లులూ వల్లెవేసిన నాకు, మా ఇంట్లో అబ్బాకి హల్లులు వినబడటం లేదన్న సంగతి తెలియలేదు.

"పహలే దర్వాజా, బాద్ మే స్పీకర్" అన్నాడు మిస్త్రీ. కారులో స్పీకర్‌కి పెట్టె తలుపే. లోపలి రేకుకి కంతలుంటే స్పీకర్ వెనక పుట్టే గాలి ముందుకొచ్చి, ముందు పుట్టిన ధ్వనిని కొట్టేస్తుంది. ఆ కంతలు మూసి, బయటి రేకుకి లోపలివైపు బ్యూటైల్ షీట్ అతికి, చిన్న రోలర్‌తో నొక్కాడు. తలుపు అడుగున వాననీళ్ళు పోయే రంధ్రాలు మాత్రం మూయలేదు. మూస్తే తలుపు తుప్పు పడుతుంది.

తర్వాత పెన్సిల్ సెల్ తీశాడు, 1.5 వోల్టులది. డెక్ వెనక స్పీకర్ వైర్లకి క్షణం తాకించాడు. ఎడమ స్పీకర్ కాగితం బయటికి లేచింది. కుడిది లోపలికి పోయింది. పాత యజమాని పని చేయించినప్పుడెవరో ఒకవైపు ప్లస్ మైనస్ తారుమారు చేశారు. ఒకటి నెడుతుంటే ఒకటి లాగుతోంది. ఇక గొంతు ఎక్కడ నిలబడుతుంది? రెండేళ్ళుగా నేను వాల్యూమ్ పెంచుతున్నది ఈ తప్పు మీద. దీనికి ఖర్చు సున్నా.

వాట్ల సంగతీ అంతే. డెక్ మీద 50 అని రాస్తారు. అది క్షణకాలం లెక్క. ఎడతెగకుండా ఇవ్వగలిగేది, ఆర్.ఎం.ఎస్. అనేది, 20కి అటూఇటూనే. అందుకే స్పీకర్ కొనేటప్పుడు వాట్లు కాదు, సెన్సిటివిటీ చూడాలి. 90 డెసిబెల్స్ దాటినది తీసుకుంటే ఉన్న పవర్ చాలు. మూడు డెసిబెల్స్ ఎక్కువుంటే పవర్ రెట్టింపు చేసినట్టే. ముందు తలుపులకి 6.5 అంగుళాల కాంపోనెంట్ జత పెట్టించాను. అందులో ట్వీటర్ విడిగా ఉంటుంది. డ్యాష్‌బోర్డు అంచున, చెవి ఎత్తుకి దగ్గరగా పెడితే మాట కాళ్ళ దగ్గర్నుంచి కాక ఎదురుగా వస్తుంది. వెనక స్పీకర్లు తీసేయించాను. వెనక కూర్చునేది పిల్లలు, వాళ్ళకి వాళ్ళ ఇయర్‌ఫోన్లున్నాయి.

హిసాబ్ ఇదీ: స్పీకర్లు 4,600, సెకండ్‌హ్యాండ్ డెక్ 2,800, షీట్లు 1,700, చెక్క రింగులు 300, మజూరీ 1,200. మొత్తం 10,600. డెక్‌లో హైపాస్ ఫిల్టర్ 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాం. దాని కింది బరువు స్పీకర్ మీద పడదు. ఈక్వలైజర్‌లో బేస్ కాస్త తగ్గించి, 2,500 హెర్ట్జ్ దగ్గర కొంచెం లేపాం. మిగిలిన 400లో ఇద్దరం చాయ్ తాగాం, ఇంటికి బిస్కెట్లు తెచ్చాను.

క్యాసెట్‌ని కంప్యూటర్లోకి ఎక్కించింది కూడా మిస్త్రీయే. మొదట మూతలో నుంచి మాట్లాడుతున్నట్టు మందంగా వచ్చింది. టేప్ హెడ్ శుభ్రంగా తుడిచి, దాని పక్కనున్న చిన్న స్క్రూని వింటూ వింటూ వెంట్రుకవాసి తిప్పాడు. ఒక చోట అమ్మీ గొంతు గబుక్కున విచ్చుకుంది. అక్కడ ఆపాడు. దీనికి పైసలు తీసుకోలేదు. ఎంత బలవంతపెట్టినా తీసుకోలేదు.

తర్వాతి చెకప్ రోజు మెహదీపట్నం సిగ్నల్ దగ్గర చెప్పకుండా పెట్టాను. "అస్సలాము అలైకుం జీ. హమ్ సబ్ ఖైరియత్ సే హై..." అబ్బా చెయ్యి ఊపలేదు. రేషన్ సంగతి, ఇంటి పైకప్పు సంగతి, నాకు లెక్కల్లో వచ్చిన మార్కుల సంగతి. ఎనిమిదేళ్ళ నేను చెప్పిన సలాం. మళ్ళీ అమ్మీ. ఆమె మాట వెనక, దూరంగా, ఎవరో దగ్గుతున్నారు. ఆగకుండా.

"ఆపు" అన్నారు అబ్బా. "వెనక్కి తిప్పు." ఆ చోటే మూడుసార్లు విన్నారు.

"అమ్మాజాన్" అన్నారు. ఆయన తల్లి, మా దాదీ. అదే ఏడాది పోయింది. ఆయనకి తారు అందేసరికి జనాజా అయిపోయింది. హఠాత్తుగా పోయిందని అందరూ చెప్పారు. ఆయన 38 ఏళ్ళు అదే నమ్మారు.

"అప్పుడు ఇది వినబడలేదు" అన్నారు. "కఫీల్ కారులో వినేవాణ్ణి. వాళ్ళు షాపింగ్‌కి లోపలికి పోతే, ఏసీ హోరులో, ఎవరైనా చూస్తారేమోనని చిన్నగా పెట్టుకుని."

బండి పక్కకి ఆపాను. ఈ పని చేసి తప్పు చేశానా అనిపించింది. 11 వేలు పోసి ముసలాయనకి మానిన గాయం రేపానా? చాలాసేపటికి ఆయనే అన్నారు: "మీ అమ్మీకి తెలుసు. చెబితే నేను వచ్చేస్తానని తెలుసు. వస్తే కఫీల్ మళ్ళీ రానివ్వడు. మీ ఫీజులు?" ఇంకాసేపాగి, "ఎప్పుడైనా అడిగితే చెప్పేదేమో. నేను అడగలేదు" అన్నారు.

దవాఖానా చేరేదాకా ఇంకేం మాట్లాడలేదు. తిరుగుప్రయాణంలో మాత్రం సీటు బెల్టు పెట్టుకుంటూ, "మొదట్నుంచి పెట్టు" అన్నారు.

నిన్న రాత్రి నా బల్ల మీద మిగిలిన ఆరు క్యాసెట్లు ఉన్నాయి, రుమాల్లో కట్టి. పక్కన ట్రంకు తాళం చెవి.

మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి క్యాసెట్లుంటే ఇంకా ఆలస్యం చేయకండి. టేప్‌కీ ఉమ్ర్ ఉంటుంది, వినేవాళ్ళకీ ఉంటుంది. పెద్దవాళ్ళు వినబడటం లేదంటే వాల్యూమ్ పెంచకండి. ముందు తలుపు చూపించండి, పెన్సిల్ సెల్‌తో వైర్లు చూడండి. ఆ తర్వాతే జేబులో చెయ్యి పెట్టండి.