మద్దెల చూసే తూర్పు

కృష్ణా డెల్టాలో కుడి ఎడమలు తక్కువ, దిక్కులు ఎక్కువ. తూర్పు చేను, పడమటి బజారు, ఉత్తరప్పక్క వాకిలి... దారి చెప్పినా, గట్టు తగాదా చెప్పినా దిక్కుతోనే. ఇక కాదనుకున్న పనికైతే ‘తూర్పు తిరిగి దండం పెట్టు’ అనేస్తారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు కూడా తూర్పు డెల్టాకని, పశ్చిమ డెల్టాకని చీలిపోతాయి. కూచిపూడి తూర్పు డెల్టా ఊరు.

సంస్కృతం దిక్కుల్ని మనిషి ఒంటిని బట్టి కొలిచింది. పొద్దున్నే సూర్యుడికి ఎదురుగా నిలబడితే ముందున్నది పూర్వం, వెనకున్నది పశ్చిమం, కుడిచేతి వైపు దక్షిణం. ఉత్తరమంటే మాత్రం ఎగువది. ముందుండేదే మునుపటిది కూడా అయింది కాబట్టి పూర్వమంటే ఒకప్పుడు. పని అయ్యాక వెనకాల వచ్చే బాధ పశ్చాత్తాపం. మన పడమర మనిషిని పట్టించుకోలేదు. పొద్దు పడే వైపు, అంతే. కన్నడిగుల పడువణమూ ఆ పడటమే.

తమిళులు నేల వాలు చూశారు. కనుమల నుంచి సముద్రం దాకా దిగే నేల గనక పడమర వాళ్లకు పైది, తూర్పు కిందది. విజయనగరం పడిపోయాక కూచిపూడి భాగవతులు కొందరు తంజావూరు సీమకు తరలి, అచ్యుతప్ప నాయకుడిచ్చిన మేలట్టూరులో స్థిరపడ్డారని చెబుతారు. ‘మేల’ అంటే అక్కడ ఎగువా, పడమరా రెండూను. ఇప్పటికీ ఆ ఊళ్లో నరసింహ జయంతికి తెలుగులోనే భాగవతమేళా ఆడతారు.

ఇలా ఊళ్లు మారుతూ, రాత్రంతా కాగడాల వెలుగులో ఆడేవాళ్లు సూర్యుణ్ణి ఎక్కడని వెతుక్కుంటారు? భరతుడు నాట్యశాస్త్రంలో ఆ చిక్కు తీర్చేశాడు. నేపథ్యం తలుపులూ, వాద్యాలూ ఎటు ముఖం పెట్టి ఉంటే నాటకానికి అదే తూర్పు. శాస్త్రాల్లో ఇంత వెసులుబాటు నాకు మరెక్కడా కనబడలేదు. వాస్తు సిద్ధాంతులు వింటే ఏమంటారో!

ఆ లెక్కన మేళం వెనక నిలబడి మద్దెల మోగిస్తే, జనం కూచున్న వైపే తూర్పు. వీధి ఎటు సాగినా సరే. ఇక సిద్ధేంద్రయోగి భామాకలాపంలో సత్యభామ ప్రవేశం చూడండి. తెర వెనక, వీపు మనకు పెట్టి నిలబడి, జడ తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. అంటే జడ తూర్పుకి, మొహం పడమరకి. లోకమంతా దండం పెట్టే దిక్కుకు వీపు చూపించే పొగరు ఆవిడకే చెల్లింది. యోగి ఈ దిక్కుల లెక్క చూసుకునే అలా నిలబెట్టాడని నేననను. ఆ జడ ఒక పందెం అంటారు భాగవతులు: తనను మించి ఆడగలవాళ్లు ఎవరైనా ఉంటే వచ్చి కోసుకోవచ్చని. తూర్పున కూచున్న మనలోంచి కత్తెర పట్టుకుని లేచినవాళ్ల గురించి మాత్రం నేనింతవరకూ వినలేదు.