సముద్రానికి మెదక్ కొలతలు

మెదక్‌లో నీళ్ళకు కొదవ లేదు. ఊరి చుట్టూ చెరువులు. కాస్త దూరం వెళితే ఏడు పాయలుగా చీలిన మంజీర, ఆ పాయల మధ్య వనదుర్గమ్మ గుడి. లేనిదల్లా సముద్రమే. నీళ్ళంటే మాకు భక్తి ఎంతో భయమూ అంతే. జాతరకో సెలవులకో వచ్చి స్నానానికి దిగినవాళ్ళు తిరిగి రాలేదన్న వార్త ఇక్కడివాళ్ళకు కొత్త కాదు. అందుకే మా అమ్మాయికి చిన్నప్పుడు నేను ఎక్కువసార్లు చెప్పిన మాట “నీళ్ళ దగ్గరికి పోకు” అనే.

ఆ పిల్లే ఇప్పుడు అండమాన్‌లో పర్యాటకుల్ని సముద్రం లోపలికి తీసుకెళ్ళి చేపల్నీ పగడపు దిబ్బల్నీ చూపించే ఉద్యోగం చేస్తోంది. హావ్‌లాక్ అనేవారే, 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు, ఆ దీవిలో. ఈసారి సెలవుకి వస్తూ కొత్తగా కొనుక్కున్న సామాను వెంట తెచ్చింది. “అమ్మా, ముప్పై ఏళ్ళ సంది జాకెట్లు కుడుతున్నవ్ గద. ఇది నా ఒంటికి సరిగ్గ కుదిరేటట్టు చెయ్యి” అంటూ నా కుట్టుమిషన్ పక్కనే పరిచింది.

చూస్తే అందులో కుట్టడానికి ఏమీ లేదు. వీపంత అల్యూమినియం రేకు ఒకటి. దాన్ని బ్యాక్‌ప్లేట్ అంటారట. గాడిద లాడంలా వంగిన గాలితిత్తి ఒకటి. అది వింగ్. ఇక రెండంగుళాల వెడల్పు, సుమారు 12 అడుగుల పొడవున్న నైలాన్ పట్టీ. మా అత్తమ్మ దాన్ని చేత్తో తడిమి, “ఇది మంచం నవారే గదనే” అంది. నిజమే, అచ్చం నవారే!

అమ్మాయి చెప్పిన సంగతులు వింటే ముచ్చటేసింది. నీటిలో ఊపిరి తీసుకునే ఈ పరికరాన్ని 1943లో ఫ్రాన్స్‌లో కుస్తో, గన్యాన్ అనే ఇద్దరు తయారుచేశారు. వీపున రేకు పెట్టుకునే పద్ధతి 1979లో అమెరికాలోని ఫ్లోరిడాలో మొదలైందట. అక్కడి నీటి గుహల్లో ఈదే వాళ్ళకోసం గ్రెగ్ ఫ్లానగన్ అనే ఆయన చేస్తే, విలియం హోగార్త్ మెయిన్ దాన్ని మెరుగుపరిచాడు. చీకటి గుహలో ఎక్కడా ఏదీ చిక్కుకోకూడదు. అందుకే వేలాడే పట్టీలు, అక్కర్లేని బకిళ్ళు తీసేసి, ఒకే పట్టీతో సరిపెట్టారు.

మామూలుగా దొరికే డైవింగ్ జాకెట్లు రెడీమేడ్ చొక్కాల్లాంటివి. చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో ఉంటాయి. ఇది మాత్రం కొలతలిచ్చి కుట్టించుకున్నదానితో సమానం. రేకు మారదు, పట్టీ మన ఒంటిని బట్టి మారుతుంది. మా అమ్మాయిది పొట్టి ఒళ్ళు. అందుకని రేకు కూడా పొట్టిదే తీసుకుంది. పొడుగుదైతే అడుగు అంచు నడుం కింద గుచ్చుకుంటుందట. స్టీలు రేకైతే రెండున్నర, మూడు కిలోలుంటుంది. అల్యూమినియంది కిలోకు కాస్త అటూ ఇటూ. విమానంలో తిరిగేవాళ్ళకు ఇదే నయం కదా.

పట్టీ ఎక్కించడం దగ్గర మా అత్తమ్మ అనుభవం పనికొచ్చింది. నవారు మంచం బిగించిన చేతులు మరి! రేకు పైభాగాన మెడ వెనక ఉన్న గాళ్ళలోంచి పట్టీ దూర్చి, రెండు కొసల్నీ రెండు భుజాల మీదుగా ముందుకు తెచ్చి, చంకల కిందుగా మళ్ళీ రేకు అడుగున ఉన్న గాళ్ళలోకి దూర్చి, నడుం చుట్టూ తిప్పి బొడ్డు దగ్గర కలపాలి. మెలిక పడకూడదు. ఇంకో చిన్న పట్టీ కాళ్ళ మధ్యనుంచి వచ్చి నడుం పట్టీని పట్టుకుంటుంది. అది లేకపోతే నీళ్ళలో రేకు మెడ మీదికి పాకుతుంది.

ఇక కొలత. జాకెట్ కొలతిచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దని నేను అందరికీ చెబుతుంటాను. ఇక్కడా అదే సూత్రం. పైగా లోపల వేసుకునే రబ్బరు సూటు తొడుక్కునే కొలత చూసుకోవాలి. ఎండాకాలం మధ్యాహ్నం మెదక్‌లో రబ్బరు సూటు తొడుక్కుని పిల్ల చెమటతో తడిసిపోతుంటే నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

మొదట రేకు ఎత్తు చూశాం. చెయ్యి మెడ వెనక్కి పోనిస్తే వేళ్ళకు రేకు పై అంచు తగలాలి. తర్వాత భుజం పట్టీలు. పట్టీ కింద అరచెయ్యి సులువుగా దూరాలి. పట్టీల మీద ఉండే లోహపు వలయాలు వెతుక్కోకుండానే బొటనవేలికి అందాలి. నడుం బకిల్ సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త కుడిపక్కకు ఉండాలి. మధ్యలో ఉంటే కాళ్ళ మధ్యనుంచి వచ్చే పట్టీ దానికి తగిలి ఊడే ప్రమాదం ఉంది.

అంతా కుదిరిందనుకున్నాం. పిల్ల అద్దం ముందు నిలబడింది. చిన్న ముడత కూడా లేదు, అతికినట్టుంది. నా చేతి పనికి నాకే గర్వం వేసింది. అప్పుడు మా అత్తమ్మ అడిగింది, “కట్టుడు మంచిగనే ఉంది. మరి ఒక్కదానివే ఉంటే ఎట్ల ఊడదీసుకుంటవ్?”

పిల్ల కళ్ళు మూసుకుంది. కుడిచేత్తో బకిల్ లాగింది. నడుం పట్టీ విడిపోయింది. ఎడమ చెయ్యి భుజం పట్టీలోంచి తీయబోతే మోచేయి చిక్కుకుంది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. గది నిశ్శబ్దమైపోయింది. ఈ పట్టీకి భుజాల దగ్గర బకిళ్ళుండవు. ఏ వలలోనో తాడులోనో చిక్కుకుంటే అదే చెయ్యి అలాగే బయటికి రావాలి. పట్టీ కోసే చిన్న కత్తెర దగ్గరుంచుకుంటారుగానీ, అది ఆఖరి మాట.

ఎడమ పట్టీ అంగుళం వదిలాను. మళ్ళీ కళ్ళు మూసుకోమన్నాను. ఇంకో అర అంగుళం వదిలాను. ఈసారి చెయ్యి జారినట్టు వచ్చేసింది. అద్దంలో మునుపటంత అందంగా లేదు. కుడివైపూ అంతే వదిలి, పదిసార్లు వేయించి తీయించాను.

మా వృత్తిలో బిగువుగా ఉంటే బాగా కుదిరిందంటారు. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఇంకాస్త పట్టించమని అడిగేవాళ్ళే ఎక్కువ. ప్రాణానికి కట్టే కొలత వేరు. కదలకుండా పట్టుకోవాలి, కావాలన్నప్పుడు మనిషిని వదిలెయ్యాలి.

మిగిలిన కొసలు కోయబోతే పిల్ల వద్దంది. నీళ్ళలో లెక్క మారుతుందట. 10 మీటర్ల లోతుకు దిగేసరికి ఒత్తిడి రెట్టింపై రబ్బరు సూటు పలచబడుతుంది, నడుం పట్టీ వదులవుతుంది. నిండు సిలిండర్‌లో గాలే రెండున్నర కిలోల దాకా ఉంటుంది. అది వాడేకొద్దీ సిలిండర్ తేలికై పైకి లేవాలని చూస్తుంది. అందుకని లోతు తక్కువ చోట నాలుగైదుసార్లు మునిగి సరిచూసుకున్నాకే కొస కోసి, నూలు పోగులు లేవకుండా మంటతో కాల్చి అంటించాలి. “మన చెర్వుల సూద్దమా?” అని వాళ్ళ నాన్న సరదాకి అంటే, అమ్మాయి నవ్వలేదు. “లోపల ఏముందో కనవడని నీళ్ళల్ల, తోడు లేకుండ కొత్త సామానుతోని దిగొద్దు నాన్నా” అంది. చిన్నప్పుడు నేను చెప్పిన మాటే. కాకపోతే నేను భయంతో చెప్పాను, అది తెలిసి చెప్పింది.

వెళ్ళిన వారానికి ఫోన్ చేసింది. ఎడమవైపు వలయం వేలెడు కిందికి జరిపిందట, నడుం పట్టీ కాస్త బిగించిందట. కొస ఇంకా కోయలేదట.

ఇదివరకు ఫోన్‌లో “జాగ్రత్తగా ఉన్నవా?” అని అడిగేదాన్ని. “ఉన్నా” అనేది. అక్కడితో మాట అయిపోయేది, నా గుబులు మాత్రం అలాగే ఉండేది. ఇప్పుడు “ఎడమ చెయ్యి సులువుగ వస్తుందా?” అని అడుగుతున్నాను. అత్తమ్మ పక్కనుంచి, “కండ్లు మూసుకోని తీసిందా అడుగు” అంటోంది.