ఈగ కొక్కెం

పాత్ర స్వభావాన్ని పేజీల కొద్దీ వర్ణించే రచయితల కంటే, ఆ పాత్ర చేతిలో ఉన్న పనిముట్టు చూపించి ఊరుకునేవాళ్ళు నాకు ఇష్టం. ఈమధ్య అలాంటి పాత్ర ఒకటి కీటకశాస్త్రం చదువుతుంటే దొరికింది. పేరు సూడాక్టియాన్. ఒళ్ళంతా కలిపి ఒక మిల్లీమీటరు, మహా అయితే ఇంకాస్త ఉండే ఈగ. చీమల తలలు తెంచే ఈగ అంటారు దీన్ని.

ఈ ఈగల్లో మగవాటిని చూసి ఏది ఏ జాతో చెప్పడం కష్టం. ఆడవాటిని మాత్రం పొట్ట చివరన ఉండే, గుడ్డు పెట్టే అవయవాన్ని బట్టి గుర్తుపడతారు. మన ఇళ్ళల్లో తిరిగే ఈగకి అది మెత్తటి గొట్టం. దీనికి గట్టిపడిన పరికరం. ఒక జాతికి కొక్కెంలా వంగి ఉంటుంది, ఇంకో జాతికి మొనలుగా చీలి ఉంటుంది. పేర్లు కూడా అలాగే ఉంటాయి: కర్వేటస్ అంటే వంపు తిరిగినది, ట్రైకస్పిస్ అంటే మూడు మొనలది.

పని కూడా అంత కచ్చితంగానే ఉంటుంది. ఆడ ఈగ చీమ వెనకాలే గాల్లో తచ్చాడుతుంది. అదను చూసి మీద పడి, రెప్పపాటులో చీమ రొమ్ములోకి ఒక్క గుడ్డు దించి వెళ్ళిపోతుంది. గుడ్డులోంచి వచ్చిన పురుగు మెల్లగా తలలోకి చేరుతుంది. చాలా రోజులు చీమ మామూలుగానే తిరుగుతూ ఉంటుంది. చివర్లో పురుగు తలలో ఉన్నదంతా తినేస్తుంది, తల ఊడి పడిపోతుంది. ఆ ఖాళీ డిప్పలోనే అది ప్యూపాగా మారుతుంది. ఈగై, చీమ నోట్లోంచి బయటికొస్తుంది.

దక్షిణ అమెరికా ఫైర్ యాంట్లు 1930ల్లో అలబామాలోని మొబీల్ రేవు దగ్గర దిగాయి. వాటి శత్రువులైన ఈ ఈగలు వెంట రాలేదు. చీమలు దక్షిణ రాష్ట్రాలన్నీ ఆక్రమించాక, 1997లో ఫ్లోరిడాలో ట్రైకస్పిస్‌ని తెచ్చి వదిలారు. నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇక్కడుంది. ఈ ఈగలు నిజంగా చంపే చీమలు చాలా తక్కువ. కానీ ఒక్క ఈగ కనబడితే చాలు, చీమలు తిండి వదిలేసి దాక్కుంటాయి, లేదా ఉన్నచోటే బిగుసుకుపోతాయి. ఆ తిండి వేరే చీమలకి దక్కుతుంది. చావు కంటే భయం చేసే నష్టమే ఎక్కువ.

ఇది చదివి, సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే ఎవరికైనా లేఆఫ్‌లు గుర్తు రాకుండా ఉండవు. నేను పనిచేసిన ఒకచోట ఒకే ఉదయం పదకొండు మంది లాగిన్‌లు ఆగిపోయాయి. మిగతా అందరి ఉద్యోగాలూ ఉన్నాయి. కానీ ఆ తర్వాత నెలల తరబడి మీటింగుల్లో ఎవరూ "ఇలా చేస్తే తప్పు కదా" అనలేదు. నేనూ అనలేదు.

పోలిక బాగా కుదిరింది. అందుకే దాన్ని అనుమానించాలనిపిస్తుంది. భయం ఏం చేస్తుందో ఆ మెయిల్ పంపినవాళ్ళకి తెలుసు. ఈగకి తెలీదు. మనకి కనబడిన ప్రతి జీవినీ మన ఆఫీసు కథలో పాత్రని చేసేస్తే, దాని సొంత కథ చదవడం మానేస్తాం. ఆ కొక్కెంలో క్రూరత్వం ఏమీ లేదు. ఉన్నదల్లా గుడ్డుకి చోటు వెతకడమే. ఆడ ఈగ బతికేది కొద్ది రోజులు. ఈలోగా ఒక్కో గుడ్డుకీ ఒక్కో చీమని, చీమ ఒంటి మీద సరైన సందునీ పట్టుకోవాలి.