ఏ సినిమాలోదీ కాని పాట

సినిమాలో లేని పాటకి మన దగ్గర అడ్రసు ఉండదు. ఎవరైనా కొత్త పాట వినిపిస్తే మనం అడిగే మొదటి ప్రశ్న "ఏ సినిమాలోది?" అనే కదా. ఏ సినిమాలోదీ కాదంటే వినేవాడి ఆసక్తి అక్కడికక్కడే సగం చచ్చిపోతుంది.

ఈ మధ్య "ఫస్ట్ సింగిల్" అన్న మాట తరచూ వినిపిస్తోంది గానీ, అదీ సినిమావాళ్ళదే. సింగిల్ అంటే ఒకప్పుడు పై దేశాల్లో అటొక పాట, ఇటొక పాట ఉండే చిన్న రికార్డు. పాటే సరుకు, దాని వెనక సినిమా ఏమీ ఉండక్కర్లేదు. మనకలాంటి అలవాటు లేదు. 2000 ప్రాంతంలో స్మిత "హాయ్ రబ్బా" లాంటివి వచ్చినప్పుడు వాటికి మనవాళ్ళు పెట్టిన పేరు "ప్రైవేట్ ఆల్బమ్". ప్రైవేట్ బస్సు లాగా అన్నమాట :)

ఇదంతా ఎందుకంటే, మా చిన్నాయన కొడుకు ఒక పాట చేశాడు. వాడిది ఎల్లారెడ్డి, చదివింది కామారెడ్డిలో. ఎలక్ట్రిక్ గిటార్, లాప్‌టాప్, ఒక మైకు, కిటికీలకి దుప్పట్లు కట్టిన గది, అంతే వాడి స్టూడియో. పాట పాప్ రాక్ తరహాలో ఉంటుంది. గల్ఫ్‌లో ఉన్న తండ్రి వీడియో కాల్‌లో ఇంటివాళ్ళకి చెప్పకుండా దాచేసే సంగతుల మీద రాశాడు. జీతం ఆలస్యమైందని చెప్పడు, జ్వరమని చెప్పడు, "మంచిగున్న" అంటాడు. మా చిన్నాయన సౌదీ పోయి చాలా ఏళ్ళయింది. కాబట్టి ఆ పాటలో తండ్రి ఎవరో మా ఇంట్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

కంప్యూటర్ పని తెలిసినవాణ్ణని రిలీజు బాధ్యత నా మీద పడేశాడు. రిలీజంటే ఒక బటన్ నొక్కడమనుకుంటారు చాలామంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి తెలుసు, బటన్‌కి ముందూ వెనకా ఉండేదే అసలు పని. పాటని నేరుగా స్పాటిఫై వాళ్ళకి ఇవ్వలేం, మధ్యలో ఒక డిస్ట్రిబ్యూటర్ ఉండాలి. ప్రతి రికార్డింగుకీ ఐఎస్‌ఆర్‌సీ అని 12 అక్షరాలు, అంకెలు కలిసిన కోడు ఒకటుంటుంది. రిలీజుకి కనీసం ఏడు రోజుల ముందు పాటని వాళ్ళ ఎడిటర్ల పరిశీలనకి పంపాలి. ఒకడు 30 సెకన్లు వింటేనే ఒక లెక్క. 2024 నుంచి ఇంకో నిబంధన కూడా వచ్చింది. గడిచిన 12 నెలల్లో కనీసం 1000 సార్లు వినబడకపోతే ఆ పాటకి పైసా రాదు.

వెయ్యి ఎంతలే అనుకుంటాం. ఒక్కసారి వెయ్యిమందిని పిలిచి మూడు నిమిషాలు కూర్చోబెట్టి చూడండి, తెలుస్తుంది.

ఇంతలో "ఇంత డబ్బుకి ఇన్ని వ్యూస్" అంటూ ఒకాయన ఫోన్ చేశాడు. వద్దన్నాను. నీతి కోసం కాదు, లెక్క కోసం. దొంగ లెక్కలు పట్టుబడితే తీసేస్తారు, స్పాటిఫై అయితే మరీ ఎక్కువైనప్పుడు డిస్ట్రిబ్యూటర్ మీద జరిమానా కూడా వేస్తుంది. దొరక్కపోయినా లాభమేంటి? వినని వెయ్యిమంది వల్ల పాట ఇంకో చెవికి చేరదు.

మా వైపు పాటకి అసలైన ప్రమోషన్ డీజే. పెళ్ళి బరాత్, గణేశ్ నిమజ్జనం, ఇప్పుడు బతుకమ్మ కూడా. ఒకప్పుడు మైక్‌సెట్ వాడి దగ్గరున్న క్యాసెట్లే ఊరంతటికీ రేడియో. ఇప్పుడా పెత్తనం డీజే బాక్సులది. అందుకని కామారెడ్డిలో ఒక డీజే అతనికి పాట వినిపించాం. పూర్తిగా విన్నాడు పాపం. "తమ్మీ, పాట మంచిగనే ఉన్నది. గని బరాత్‌ల గిది వెడితే పెండ్లికొడుకే ఏడుస్తడు. మొదట్ల గిటార్ తీసెయ్, తీన్మార్ కొట్టియ్, నేను నడిపిస్త" అన్నాడు.

అతను చెప్పింది తేలిగ్గా తీసేసే మాట కాదు. "బుల్లెట్టు బండి" సంగతి చూడండి. లక్ష్మణ్ రాసి, ఎస్.కె. బాజీ స్వరపరిచి, మోహన భోగరాజు పాడిన ఆ పాట 2021 ఏప్రిల్‌లో వచ్చింది. అదీ ఏ సినిమాలోదీ కాదు. ఆగస్టులో మంచిర్యాల వైపు ఒక పెళ్ళికూతురు తన బరాత్‌లో దానికి డాన్స్ చేసిన వీడియో తెలుగునాడంతా చుట్టేసింది. ఏ కంపెనీ డబ్బు పెట్టినా అంత పని జరిగేది కాదు. కానీ ఆ పాట పెళ్ళికూతురి నోటి పాట. అంటే పెళ్ళిలో దానికి అప్పటికే ఒక కుర్చీ వేసి ఉంది, అది వెళ్ళి కూర్చుంది. మావాడి పాటకి అక్కడ కుర్చీ లేదు. తీన్మార్ కలిపితే అది వేరే పాట అవుతుంది. ఐఎస్‌ఆర్‌సీ పద్ధతి ప్రకారం కూడా రీమిక్స్‌కి కొత్త కోడే తీసుకోవాలి!

మరి దీని కుర్చీ ఎక్కడ? నాకు తోచింది చెప్పాను. "నువ్వు ఎవరి గురించి రాశావో వాళ్ళకి పంపు. సౌదీలో, దుబాయ్‌లో, ఖతర్‌లో మనోళ్ళు రాత్రిపూట చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒంటరిగా వినేది ఇలాంటి పాటే." వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "గట్లయితే బాపు గూడ వింటడు గదన్నా" అన్నాడు.

అసలు చిక్కు అదన్నమాట. ఇంట్లో ఎవరూ బయటికి అనుకోని మాటని వీడు గిటార్ మీద పెట్టాడు. తండ్రి దాస్తున్నాడని కొడుక్కి తెలుసు. ఆ సంగతి తండ్రికి తెలియడం వాడికి ఇష్టం లేదు. ఊళ్ళో వెయ్యిమంది విన్నా ఫర్వాలేదు గానీ, ఆ ఒక్కడు వింటే ఎలా?

2015 జులై నుంచి ప్రపంచమంతా కొత్త పాటలకి శుక్రవారమే రిలీజు రోజు. అమ్మకాలు, చార్టుల లెక్కలు చూసుకుని సంగీత కంపెనీలు పెట్టుకున్న ఏర్పాటు అది. సౌదీలో శుక్రవారం సెలవు. క్యాంపుల్లో బట్టలు ఉతుక్కుని, వంట చేసుకుని, ఇంటికి ఫోన్లు చేసే రోజు. ఆ కంపెనీలు మావాళ్ళని తలుచుకుని ఉండవు గానీ, భలే కలిసొచ్చింది. శుక్రవారం పొద్దున వాడే ఎల్లారెడ్డి వాళ్ళ గల్ఫ్ వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టాడు. నేను పెడతానంటే వద్దన్నాడు.

లక్షలేమీ రాలేదు. వెయ్యికి చాలా రోజులు పట్టింది. కానీ వింటున్న ఊళ్ళ జాబితాలో హైదరాబాద్ కంటే పైన రియాద్, దమ్మామ్ కనిపించాయి. ముక్కూ మొహం తెలియనివాళ్ళు వాడికి వాయిస్ మెసేజులు పంపారు. కొందరు ఏమీ మాట్లాడకుండా తమ పిల్లల ఫొటోలు పంపారు.

మా చిన్నాయన పాట గురించి ఒక్క ముక్క అనలేదట. తర్వాతి కాల్‌లో "గిటారు ఎంత వెట్టి కొన్నవ్ రా?" అని మాత్రం అడిగాడు. ఆ తర్వాత, మొదటిసారిగా, ఈ నెల జీతం ఇంకా పడలేదని చెప్పాడు.